కంబోడియాలో ఆ 3 ఏళ్ళ 8 నెలల 20 రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

అంగ్‌కోర్ వాట్ చూసొద్దామని టికెట్లు బుక్ చేసుకునేవాళ్ళు, మధ్యలో రాజధాని ఫ్నోంపెన్‌లో ఒకరోజు ఆగి అక్కడి జైలు మ్యూజియం చూసి నోట మాట రాకుండా తిరిగొచ్చినవాళ్ళు, యూట్యూబ్‌లో ఏదో వీడియో చూసి నిద్ర పట్టనివాళ్ళు, వీళ్ళంతా 1975-79లో అక్కడ ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టులు చేసిన మారణహోమం గురించి నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. నేను హిస్టరీ లెక్చరర్ని కాదు. రెండుసార్లు వెళ్ళొచ్చాను, అప్పట్నుంచి దొరికిందల్లా చదువుతున్నాను, అంతే. ప్రతిసారీ ఫోన్లో అరగంట చెప్పే బదులు ఒకచోట రాసి పెడదామని కూర్చున్నా. కొన్నిచోట్ల చదవడం కష్టంగా ఉంటుంది, ముందే చెప్తున్నా.

ఖ్మేర్, ఖ్మేర్ రూజ్, రెండూ ఒకటేనా?

కాదు, చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. ఖ్మేర్ అంటే జాతి, భాష పేరు కూడా అదే. కంబోడియాలో పదిమందిలో తొమ్మిదిమంది వాళ్ళే, పక్కన వియత్నాంలో మెకాంగ్ డెల్టాలో, థాయ్‌లాండ్‌లో సురిన్ వైపు కూడా ఉన్నారు. అంగ్‌కోర్ వాట్ కట్టింది వీళ్ళ పూర్వీకులే.

ఖ్మేర్ రూజ్ అంటే ఫ్రెంచ్‌లో ఎర్ర ఖ్మేర్లు అని. అక్కడి కమ్యూనిస్టులకి, ఒకప్పటి రాజు, అప్పట్లో దేశాన్ని ఏలుతున్న సిహనూక్ తగిలించిన పేరు అది. వాళ్ళు మాత్రం జనం దగ్గర వాడింది ఒక్కటే మాట, అంగ్కార్. సంస్థ అని అర్థం. చూస్తే మన అంగం, కారం కలిపిన సంస్కృత మాటే. ఆ అంగ్కార్ ఎవరు, ఎక్కడుంటాడు, ఆడా మగా అనేది కూడా పల్లెల్లో చాలామందికి తెలీదు. పార్టీ ఒకటుందని వాళ్ళ నాయకుడు పోల్ పాట్ బయటికి చెప్పిందే 1977 సెప్టెంబర్లో, అంటే అధికారంలోకొచ్చిన రెండేళ్ళకి పైగా అయ్యాక! 'అంగ్కార్‌కి అనాసపండుకున్నన్ని కళ్ళు' అని జనం గుసగుసగా అనుకునేవాళ్ళు.

మరి ఈ మారణహోమాన్ని వాళ్ళ భాషలో ఏమంటారు?

ఇది వినగానే నాకు ఒళ్ళు జలదరించింది. 'ప్రలై పూచ్‌సాస్' అంటారు. మొదటి మాట మన ప్రళయమే. అయితే అది పుస్తకాల్లో, కోర్టుల్లో. ఇంట్లో ముసలివాళ్ళు మాత్రం 'సమయ్ పోల్ పాట్' అంటారు, పోల్ పాట్ సమయం అన్నమాట. ఇంకొంతమంది రోజులు లెక్కపెట్టి మరీ చెప్తారు: 3 ఏళ్ళు, 8 నెలలు, 20 రోజులు. 1975 ఏప్రిల్ 17 నుంచి 1979 జనవరి 7 దాకా. రోజులతో సహా లెక్క చెప్పేవాళ్ళు ఆ రోజుల్లో ఏం జరిగిందో మాత్రం చాలా తక్కువ చెప్తారు, దాని సంగతి కింద వస్తుంది.

ఎంతమంది చనిపోయారు?

15 లక్షల నుంచి 20 లక్షల మధ్య. ఎక్కువమంది పరిశోధకులు చెప్పే అంకె 17 లక్షల చుట్టూ ఉంటుంది. అప్పటి దేశ జనాభా దాదాపు 78 లక్షలు. అంటే నలుగురైదుగురిలో ఒకరు. అందర్నీ కొట్టి చంపారనుకోకండి, ఆకలి, చాకిరీ, మందుల్లేని మలేరియా, విరేచనాలు, వీటితో పోయినవాళ్ళు కూడా లక్షల్లో ఉన్నారు. ఆకలి దానంతటది రాలేదు. పండిన బియ్యం లారీల్లో వెళ్ళిపోతుంటే, కొంత చైనాకి ఎగుమతి కూడా అవుతుంటే, పండించినవాళ్ళు గంజి నీళ్ళు తాగారు.

అసలు అంతదాకా ఎలా వచ్చింది? ఉన్నట్టుండి పిచ్చి పట్టిందా దేశానికి?

'పిచ్చి' అనేస్తే మనకి తేలిక, అంతే. పక్కన వియత్నాం యుద్ధం జరుగుతోంది, వియత్నాం గెరిల్లాలు సరిహద్దు దాటి కంబోడియా అడవుల్లో ఉన్నారని అమెరికా 1969 నుంచి రహస్యంగా బి-52 విమానాలతో భారీగా బాంబులు వేసింది. 1973 ఆగస్టులో ఆపేదాకా దాదాపు 5 లక్షల టన్నులు. పల్లెల్లో 50 వేల నుంచి లక్షన్నర మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా. ఇల్లు కాలిపోయిన కుర్రాడికి ఖ్మేర్ రూజ్ వాడొచ్చి 'ఆ విమానాలు ఫ్నోంపెన్ వాళ్ళు పిలిస్తే వచ్చినవి' అంటే ఇంకేం కావాలి.

ఈలోపు 1970 మార్చిలో జనరల్ లోన్ నోల్ సిహనూక్‌ని దింపేశాడు. సిహనూక్ బీజింగ్‌లో కూర్చుని, నిన్నటిదాకా తను వేటాడిన ఆ ఎర్ర ఖ్మేర్లతోనే చేయి కలిపి, నా పిల్లలారా అడవిలోకి వెళ్ళి పోరాడండి అని రేడియోలో పిలుపిచ్చాడు. రాజంటే దేవుడనుకునే రైతులు వేలల్లో వెళ్ళారు. వాళ్ళు వెళ్ళింది రాజు కోసం, మార్క్సు పేరు విన్నవాళ్ళు ఎంతమందో.

పైన కూర్చున్నవాళ్ళు మాత్రం చదువుకున్నవాళ్ళే. పోల్ పాట్ అసలు పేరు సలోత్ సార్, స్కాలర్‌షిప్ మీద పారిస్ వెళ్ళి రేడియో ఎలక్ట్రానిక్స్ చదవబోయి డిగ్రీ రాకుండానే తిరిగొచ్చాడు, తర్వాత టీచర్‌గా చేశాడు. ఖ్యూ సంఫాన్‌కి పారిస్‌లో ఎకనామిక్స్ డాక్టరేట్. టీచర్లే టీచర్లని చంపించిన కథ ఇది, గుర్తుంచుకోండి.

1975 ఏప్రిల్ 17న ఏం జరిగింది?

ఖ్మేర్ కొత్త సంవత్సరం అప్పుడే అయింది, ఏప్రిల్ మధ్యలో వస్తుంది వాళ్ళకి, మన తమిళుల పుత్తాండు టైమే. నల్లబట్టలు, మెడలో గళ్ళ తువ్వాలు, కాళ్ళకి టైరు చెప్పులు, చేతిలో తుపాకి, పదిహేను పదహారేళ్ళ కుర్రాళ్ళు ఊళ్ళోకొచ్చారు. యుద్ధం అయిపోయిందని జనం రోడ్ల మీదకొచ్చి తెల్లజెండాలు ఊపారు, ఆ సంబరం కొన్ని గంటలే. అమెరికా బాంబులేస్తుంది, అందరూ ఊరు ఖాళీ చెయ్యండి, మూడ్రోజుల్లో వచ్చేద్దురు అన్నారు. ఇరవై లక్షల మంది పైగా ఉన్న సిటీ మొత్తాన్ని ఏప్రిల్ ఎండలో నడిపించారు. ఆసుపత్రుల్లో ఆపరేషన్ అయినవాళ్ళని మంచాలతో సహా తోసుకుంటూ వెళ్ళారు. మూడ్రోజులేగా అని చాలామంది ఇంటికి తాళం వేసి, చేతికి దొరికింది పట్టుకుని బయల్దేరారు.

తర్వాత డబ్బు రద్దు. సెంట్రల్ బ్యాంకు పేల్చేశారు. బడి, బజారు, గుడి, పోస్టు, సొంత ఆస్తి, అన్నీ రద్దు. జనాన్ని రెండు ముక్కలు చేశారు: ముందునుంచీ వాళ్ళ కిందున్న పల్లెలవాళ్ళు 'పాత జనం', సిటీల నుంచి వచ్చినవాళ్ళు 'కొత్త జనం'. కొత్త జనానికి చెప్పిన మాట ఒకటుంది, బతికినవాళ్ళందరూ దాన్నే గుర్తు చేసుకుంటారు: నిన్ను ఉంచుకుంటే లాభం లేదు, పోగొట్టుకుంటే నష్టం లేదు.

రోజూ బతుకు ఎలా ఉండేది?

తెల్లారకముందే లేపడం, చీకటి పడేదాకా కాలవ తవ్వడమో గట్లు పొయ్యడమో నాట్లో. హెక్టారుకి 3 టన్నుల వడ్లు పండించాలని పైనుంచి ఆర్డర్, ఆ నేలకి ఆ నీళ్ళకి అది అయ్యే పని కాదని రైతు ఎవడైనా చెప్తాడు, కానీ చెప్పినవాడు మాయమయ్యేవాడు. అందుకని కింది లీడర్లు పండాయని దొంగ లెక్కలు రాసేవాళ్ళు, ఆ దొంగ లెక్క ప్రకారం పైవాళ్ళ వాటా లారీల్లో వెళ్ళేది, మిగిలింది ఊరికి. పెద్ద బానలో కాచిన గంజి, దాంట్లో మెతుకులు లెక్కపెట్టుకోవచ్చు. ఇంట్లో వండుకుంటే నేరం, అరటిదుంపో ఎలకో పట్టుకుని తింటే అంగ్కార్ సొత్తు దొంగిలించినట్టు.

పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి తీసేసి వేరే బృందాల్లో పెట్టారు. అమ్మానాన్న ఏం మాట్లాడుకుంటున్నారో చెప్పమనేవాళ్ళు.

పెళ్ళిళ్ళు కూడా అంగ్కారే చేసేది. ముక్కూ మొహం తెలీనివాళ్ళని పది, ఇరవై, ఒక్కోసారి ఇంకా ఎక్కువ జంటలుగా వరసలో నిలబెట్టి చేతులు పట్టుకోమనడం, అంగ్కార్‌కి విధేయంగా ఉంటామని చెప్పించడం, అయిపోయింది పెళ్ళి. రాత్రి స్తంభాల మీద కట్టిన ఆ ఇంటి కింద చీకట్లో మిలీషియా కుర్రాళ్ళు చెవి పెట్టి వినేవాళ్ళు, కాపురం చేశారా లేదా అని. ఆ జంటల్లో 1979 తర్వాత విడిపోయినవాళ్ళున్నారు, పిల్లలున్నారని, అలవాటైందని కలిసే ముసలైపోయినవాళ్ళూ ఉన్నారు. 2018లో, ఈ నేరాల విచారణకి యూఎన్ సాయంతో పెట్టిన కోర్టు ఈ బలవంతపు పెళ్ళిళ్ళని, వాటిలో జరిగిన రేప్‌ని మానవత్వానికి వ్యతిరేకంగా చేసిన నేరాలుగా తేల్చింది.

కళ్ళజోడు పెట్టుకుంటే చంపేసేవాళ్ళట, నిజమేనా?

జరిగింది, బతికినవాళ్ళు చెప్పారు కూడా. కానీ అదొక రాసిపెట్టిన చట్టంలాగా ఊహించుకోకండి. కళ్ళజోడు, మెత్తటి చేతులు, ఫ్రెంచ్ ముక్కలు, ఇవన్నీ అనుమానానికి కారణాలు, ఆ ఊరి లీడర్ ఎలాంటివాడనేదాన్ని బట్టి ప్రాణం ఉండడమో పోవడమో. అందుకే డాక్టర్లు సైకిల్ రిక్షా తొక్కేవాళ్ళమన్నారు, టీచర్లు చదువు రాదన్నారు. హాయింగ్ న్గోర్ అని ఒక డాక్టర్, తర్వాత అమెరికా వెళ్ళి నటుడై ఆస్కార్ కూడా తీసుకున్నాడు. ఆయన భార్య కాన్పు కష్టమై కళ్ళముందే చనిపోతుంటే ఏం చెయ్యలేకపోయాడు, చేత్తో పనిముట్టు పట్టుకుంటే డాక్టరని తెలిసిపోతుంది, తెలిస్తే ఇద్దర్నీ చంపేస్తారు. ఆయన చదువుకున్నది స్త్రీల వైద్యమే.

ఇంకో సామెత చెప్పాలి. ఖ్మేర్‌లో 'కో' అంటే బూరుగు చెట్టు, మూగ అని కూడా అర్థం. బతకాలంటే ఇంటిముందు కో మొక్క నాటుకో అనేవాళ్ళు. మూగవాడిలా ఉండు అని. కంబోడియా మీద నేను చదివినవాటన్నిటిలో ఈ ఒక్క మాట ఇప్పటి కంబోడియాని ఎక్కువ అర్థమయ్యేలా చేసింది. చెట్టు నాటడం తేలికే, పీకడమే యాభై ఏళ్ళైనా అవ్వట్లేదు.

తోల్ స్లెంగ్ అంటే ఏంటి? చూడాలా?

ఫ్నోంపెన్ నడిబొడ్డున ఒక హైస్కూల్. దాన్ని ఎస్-21 అనే జైలు చేశారు. నడిపింది డుచ్ అనే ఒక మాజీ లెక్కల మాస్టారు. ఇక్కడికి తెచ్చినవాళ్ళలో చాలామంది ఖ్మేర్ రూజ్ సొంత మనుషులే, పార్టీలో ద్రోహులని అనుమానం వచ్చినవాళ్ళు, వాళ్ళ పెళ్ళాం పిల్లలతో సహా. కనీసం 12 వేలమందికి పైగా అని కోర్టు తేల్చింది, పరిశోధకులు 18 వేల దాకా చెప్తారు. బతికి బయటపడ్డవాళ్ళు పన్నెండుమందో ఇంకొద్దిమందో. వాన్ నాత్ పోల్ పాట్ బొమ్మలు బాగా వేస్తున్నాడని బతికాడు, చుమ్ మే కుట్టుమిషన్లు రిపేర్ చేస్తాడని బతికాడు.

నేను వెళ్ళినప్పుడు నన్ను ఎక్కువ కుదిపేసింది పుర్రెలు కాదు, అది బడిలా ఉండడం. మన జిల్లా పరిషత్ స్కూల్ లాగే మూడంతస్తుల బిల్డింగులు, పొడుగు వరండాలు, మధ్యలో ఆటస్థలం, గన్నేరు జాతి చెట్ల కింద తెల్లపూలు రాలి ఉన్నాయి. క్లాస్‌రూం లోపల గళ్ళ టైల్స్, మధ్యలో ఒక ఇనప మంచం, దాని మీద సంకెళ్ళు, గోడకి నల్లబల్ల ఇంకా ఉంది. వరండాకి కింద నుంచి పైదాకా ముళ్ళతీగ, ఎవరూ దూకి చావకుండా. బయట పిల్లలు ఎక్సర్‌సైజులు చేసే కర్రల చట్రం, దాన్నే మనుషుల్ని తలకిందులుగా వేలాడదియ్యడానికి వాడారు. రూల్స్ బోర్డు ఒకటుంది, దెబ్బలు కొట్టేటప్పుడు, కరెంటు షాకిచ్చేటప్పుడు ఏడవకూడదని రాసుంది. ఏడిస్తే ఇంకా కొడతారు.

జైలు నుంచి రాత్రిపూట లారీల్లో 15 కిలోమీటర్ల దూరంలో ఛ్యూంగ్ ఎక్ అనే చోటికి తీసుకెళ్ళేవాళ్ళు. ముందు అది చైనీస్ శ్మశానం. తూటా ఖర్చెందుకని ఇనప రాడ్లతో, పలుగులతో కొట్టి చంపారు. 1980లో తవ్వితే 8,895 మంది అవశేషాలు దొరికాయి, ఇంకా కొన్ని గుంటలు తవ్వకుండా వదిలేశారు. వానాకాలం వెళ్తే జాగ్రత్తగా అడుగెయ్యండి, మట్టి కొట్టుకుపోయి గుడ్డపీలికలు, ఎముకలు ఇప్పటికీ పైకొస్తాయి. 2025 జులైలో యునెస్కో ఈ రెండు చోట్లనీ, డుచ్ అంతకుముందు నడిపిన ఎం-13 అనే అడవి జైలునీ కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది.

చూడాలా అంటే, చూడాలి. చిన్నపిల్లల్ని మాత్రం తీసుకెళ్ళకండి.

ఖ్మేర్లు ఖ్మేర్లనే చంపితే అది జెనోసైడ్ ఎలా అవుతుంది?

మంచి ప్రశ్న, లాయర్లు దశాబ్దాలు కొట్టుకున్నారు దీని మీద. 1948 యూఎన్ ఒప్పందం ప్రకారం ఒక జాతినో, మతాన్నో, దేశస్తుల్నో అలా ఉన్నందుకే తుడిచిపెట్టాలని చూస్తే అది జెనోసైడ్. రాజకీయ కారణాలతో, వర్గం పేరుతో చంపితే ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే 2018 నవంబర్ తీర్పులో జెనోసైడ్ అన్నది చామ్ అనే మైనారిటీ ముస్లింల విషయంలో, వియత్నామీయుల విషయంలో మాత్రమే. చామ్‌ల చేత బలవంతంగా పంది మాంసం తినిపించారు, ఖురాన్లు తగలబెట్టారు, తిరగబడ్డ ఊళ్ళని ఊళ్ళుగా లేపేశారు. దేశంలో మిగిలిన వియత్నామీయుల్లో దాదాపు ఎవర్నీ వదల్లేదు. మెజారిటీ ఖ్మేర్ల చావులు చట్టం లెక్కలో మానవత్వానికి వ్యతిరేకంగా చేసిన నేరాలు.

మామూలు ఖ్మేర్ మనిషికి ఈ తేడా చెప్తే కోపమొస్తుంది, నాకు అది న్యాయమైన కోపమే అనిపిస్తుంది. వాళ్ళకి అన్నీ ప్రళయమే.

ప్రపంచం ఏం చేసింది? మన దేశం?

చెప్పుకోవాలంటే సిగ్గుచేటు. 1978 డిసెంబర్ చివర్లో వియత్నాం సైన్యం దిగి రెండు వారాల్లో ఖ్మేర్ రూజ్‌ని ఫ్నోంపెన్ నుంచి తరిమింది. దయతో కాదు, సరిహద్దులో వియత్నాం ఊళ్ళ మీద ఖ్మేర్ రూజ్ పడి చంపుతోంది కాబట్టి. కానీ కోల్డ్ వార్ లెక్కలు వేరు కదా, వియత్నాం వెనక సోవియట్ ఉంది, అందుకని చైనా, అమెరికా, వాళ్ళ మిత్రులు అంతా కలిసి యూఎన్‌లో కంబోడియా సీటుని ఖ్మేర్ రూజ్‌కే ఉంచారు. ఇన్ని లక్షలమందిని చంపినవాళ్ళ ప్రతినిధి న్యూయార్క్‌లో దర్జాగా కూర్చున్నాడు, 1982 తర్వాత కూటమి పేరు పెట్టుకుని మరీ.

ఇక్కడ మనవైపు చెప్పుకోదగ్గ ముక్క ఒకటుంది. 1980 జులైలో ఇందిరా గాంధీ ప్రభుత్వం ఫ్నోంపెన్‌లో వియత్నాం నిలబెట్టిన కొత్త ప్రభుత్వాన్ని గుర్తించింది, కమ్యూనిస్టు కూటమి బయట అలా చేసినవాళ్ళు అప్పట్లో దాదాపు లేరు. విదేశాంగ మంత్రి ఎవరనుకున్నారు, మన పీవీ నరసింహారావే. తర్వాత 1986 నుంచి 1993 దాకా మన ఆర్కియాలజీ వాళ్ళు అంగ్‌కోర్ వాట్‌కి మరమ్మతులు చేశారు, యుద్ధం పూర్తిగా ఆగకముందే. రసాయనాలు ఎక్కువ వాడారని విమర్శలూ వచ్చాయనుకోండి, అది వేరే గొడవ.

దోషులకి శిక్షలు పడ్డాయా?

పడ్డాయి, ఎప్పుడో, ఏ కొందరికో. పోల్ పాట్ కోర్టు మొహమే చూడలేదు. సొంతవాళ్ళే అడవిలో ఒక విచారణ లాంటిది జరిపి ఇంట్లో బంధిస్తే, 1998 ఏప్రిల్ 15న మంచం మీద పోయాడు, పాత టైర్లు పేర్చి తగలబెట్టారు. ఆ బూడిద ఉన్నచోటికి లాటరీ నంబర్ల కోసం మొక్కుకోవడానికి జనం వెళ్తారంటే నమ్ముతారా? వెళ్తారు.

యూఎన్ సాయంతో పెట్టిన కోర్టు 2006లో మొదలైంది. 30 కోట్ల డాలర్లకి పైగా ఖర్చయింది, శిక్ష పడింది ముగ్గురికి. డుచ్‌ని 1999లో ఒక ఫోటోగ్రాఫర్ గుర్తుపట్టాడు, అప్పటికి క్రైస్తవం పుచ్చుకుని సహాయ సంస్థల్లో పని చేస్తున్నాడు. కోర్టులో క్షమించమని అడిగాడు, ఆఖరి రోజు వచ్చేసరికి నన్ను వదిలెయ్యండి అన్నాడు. ముందు 35 ఏళ్ళు వేశారు, అప్పీల్లో 2012లో యావజ్జీవం అయింది, 2020లో పోయాడు. నంబర్ టూ అనే నువాన్ చియా 2019లో అప్పీలు నడుస్తుండగానే పోయాడు. ఖ్యూ సంఫాన్ శిక్షని 2022 సెప్టెంబర్లో ఖాయం చేశారు, దాంతో కోర్టు పని ముగిసినట్టే. ఖ్మేర్ రూజ్ విదేశాంగ మంత్రి ఇయెంగ్ సారీ విచారణ మధ్యలోనే చనిపోయాడు.

దండగ అంటారా? నేననను. దాదాపు 4 వేలమంది బాధితులు కేసులో పార్టీలుగా చేరారు. పల్లె నుంచి బస్సుల్లో వచ్చిన ముసలమ్మ, అద్దం అవతల కూర్చున్న ఆ పెద్దమనిషిని చూసి, నా మొగుణ్ణి ఎందుకు చంపారని మైకులో అడిగింది. బూరుగు చెట్టుకి అది ఒక గొడ్డలి దెబ్బే. డబ్బు పరిహారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, స్మారకాలు, ఎగ్జిబిషన్లు లాంటివే.

కింది స్థాయివాళ్ళ జోలికి పోలేదు. పోతే దేశం మళ్ళీ తగలబడుతుందన్నది ప్రభుత్వ వాదన, దేశాన్ని 1985 నుంచి 2023 దాకా ఏలిన హున్ సెన్ కూడా ఒకప్పుడు ఖ్మేర్ రూజ్ కమాండరే, 1977లో వియత్నాంకి పారిపోయాడు. దాంతో ఊళ్ళలో ఏమైందంటే, చంపినవాడూ చచ్చినవాడి తమ్ముడూ ఒకే గుళ్ళో పక్కపక్కన కూర్చుని బిక్షువు చెప్పేది వింటారు.

యాభై ఏళ్ళయింది కదా, జనాల మీద ఇంకా ప్రభావం ఉందా?

ఉంది, శరీరాల్లోనే ఉంది. ఖ్మేర్ డాక్టర్లు 'బాక్స్‌బాట్' అనే మాట వాడతారు, ధైర్యం విరిగిపోవడం అన్నట్టు. భయం, ఎవర్నీ నమ్మకపోవడం, ఎదురు చెప్పలేకపోవడం, మూగగా ఉండిపోవడం. ఘోరాలు అనుభవించినవాళ్ళకి వచ్చే మానసిక జబ్బుకి వాడే పీటీఎస్‌డీ అనే ఇంగ్లిష్ పేరులో ఇది పూర్తిగా పట్టదని అక్కడి సైకియాట్రిస్ట్ ఛిమ్ సొతియారా వాదన. ఇంకోటి 'ఖ్యాల్' పట్టడం, ఒంట్లో గాలి పైకి ఎగదన్ని మెడ, చెవులు, గుండె పట్టేస్తుందని భయం, మన పెద్దవాళ్ళు వాయువు పట్టేసిందంటారే అలా. నాణెంతో వీపు మీద ఎర్రటి చారలొచ్చేలా గీసి ఆ గాలి దించుతారు.

1980ల్లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో డాక్టర్లకి వింత కేసులొచ్చాయి. వందమందికి పైగా ఖ్మేర్ ఆడవాళ్ళు, చూపు కనపడట్లేదంటారు, పరీక్ష చేస్తే కళ్ళు బాగానే ఉన్నాయి. చూడకూడనివి చూసిన కళ్ళు. అదే ఊళ్ళో 2005లో వచ్చిన స్టడీలో, దేశం వదిలొచ్చి రెండు దశాబ్దాలు దాటినా 62 శాతం మందికి పీటీఎస్‌డీ, 51 శాతం మందికి డిప్రెషన్ ఉన్నట్టు తేలింది.

పిల్లల సంగతి ఇంకో రకం. అమ్మ అన్నం పారెయ్యనివ్వదు, రాత్రి అరుస్తూ లేస్తుంది, నాన్న ఉత్తపుణ్యానికి కొడతాడు, ఎందుకో ఎవరూ చెప్పరు. చెప్పని కథని పిల్లలు మోస్తారు. అక్కడి ఒక మానసిక వైద్య సంస్థ చేసే పని నాకు నచ్చింది: బాధితులు తమ కథ చెప్తుంటే కౌన్సెలర్ రాసుకుంటాడు, తర్వాత గుళ్ళో బిక్షువుల ముందు, ఊరివాళ్ళ ముందు దాన్ని చదివి, పోయినవాళ్ళకి పుణ్యం చేరేలా కర్మ చేసి, ఆ కాయితం వాళ్ళ చేతికే ఇస్తారు. సోఫాలో కూర్చోబెట్టి చేసే కౌన్సెలింగ్ కన్నా ఇదే వాళ్ళకి ఎక్కువ పట్టిందట, పట్టదూ మరి!

మందుపాతరలు, భూముల గొడవలు కూడా దీనివల్లేనా?

చాలావరకు. ఖ్మేర్ రూజ్ థాయ్ సరిహద్దుకి పారిపోయి ఇంకో ఇరవై ఏళ్ళు యుద్ధం చేసింది, అన్ని పక్షాలూ మందుపాతరలు పెట్టాయి. 1979 నుంచి ఇప్పటిదాకా వాటివల్ల, పేలని బాంబులవల్ల 64 వేలమందికి పైగా చనిపోవడమో అవయవాలు పోగొట్టుకోవడమో జరిగింది. మగావా అనే ఆఫ్రికా ఎలక గురించి వినే ఉంటారు, వాసన పట్టి 71 మందుపాతరలు కనిపెట్టింది, 2020లో దానికి బంగారు పతకం కూడా ఇచ్చారు.

భూమి విషయం మనవాళ్ళకి బాగా అర్థమవుతుంది. పట్టాలు, రికార్డులు, సరిహద్దు రాళ్ళు, ఏమీ మిగల్లేదు. 1979లో తిరిగొచ్చినవాళ్ళు ఖాళీగా కనపడ్డ ఇంట్లో దూరిపోయారు, తాళం వేసి వెళ్ళిన అసలు యజమాని బతికొచ్చినా చూపించడానికి కాయితం లేదు. తర్వాత రియల్ ఎస్టేట్ వచ్చింది, చెరకు తోటల కంపెనీలొచ్చాయి, కాయితం లేనివాడి గతి ఏమవుతుందో మనకి చెప్పాలా.

పాటలు, నాట్యం అన్నీ పోయాయా?

దాదాపు. కళాకారుల్లో పదిమందికి తొమ్మిదిమంది పోయారని చెప్తారు. 1960ల్లో ఫ్నోంపెన్ రేడియో అంటే సిన్ సిసామూత్, రోస్ సెరీ సొతియా పాటలు, మనకి ఘంటసాల, సుశీల ఎలాగో అలా. ఇద్దరూ ఆ సమయంలోనే పోయారు, ఎక్కడ ఎలా అన్నదానికి ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు, సమాధి లేదు. రాజనర్తకి చియా సామీది ఇంకో కథ. ఆమె పోల్ పాట్‌కి సొంత వదిన. ఇంట్లో తిని పెరిగిన మరిది దేశాన్ని నాశనం చేస్తుంటే, అందరిలాగే పొలంలో చాకిరీ చేసి, ఆ పోల్ పాట్ తను ఎరిగిన మరిది సలోత్ సారే అని తర్వాతెప్పుడో గోడ మీద బొమ్మ చూసి తెలుసుకుంది. 1980ల్లో కూర్చుని, గుర్తున్న ముద్రలన్నీ పిల్లలకి నేర్పింది. నాట్యం పుస్తకంలో లేదు, ఆమె చేతుల్లో ఉంది.

అమెరికాలో ఉన్న ఖ్మేర్ల పరిస్థితి?

లక్షన్నర మంది దాకా శరణార్థులుగా వెళ్ళారు, లాంగ్ బీచ్, మసాచుసెట్స్‌లో లోవెల్ పెద్ద అడ్డాలు. కాలిఫోర్నియాలో ఉన్న మన తెలుగువాళ్ళు గులాబీరంగు డబ్బాలో డోనట్లు కొనే ఉంటారు, ఆ చిన్న షాపుల్లో చాలా భాగం ఖ్మేర్లవి. తెల్లారుజామున రెండింటికి లేచి పిండి కలిపే ఆ ఆంటీ దేన్ని దాటుకుని వచ్చిందో అడిగినవాళ్ళు తక్కువ. క్యాంపుల్లో పుట్టి పసిపిల్లలుగా అమెరికా వచ్చి, గొడవల్లో పడి జైలుకెళ్ళినవాళ్ళని 2002 నుంచి కంబోడియాకి డిపోర్ట్ చేస్తున్నారు, ఎన్నడూ చూడని దేశానికి.

ప్చుం బెన్ అంటే మన పితృపక్షమేనా?

దాదాపు అదే! భాద్రపద బహుళంలో పదిహేను రోజులు, ఆఖరిది అమావాస్య. బెన్ అంటే పిండమే. తెల్లవారుజామున నాలుగింటికి, ఇంకా చీకటి ఉండగానే, నువ్వులు కలిపిన అన్నం ముద్దలు పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతూ చీకట్లోకి విసురుతారు, ఆకలితో తిరిగే ప్రేతాలు వెలుగు చూడలేవని. తమవాళ్ళు ఏడు గుళ్ళు వెతుక్కుంటూ వస్తారట, ఎక్కడా తన పేరున ముద్ద దొరక్కపోతే శపిస్తారట.

ఇప్పుడు ఆలోచించండి. ఎప్పుడు పోయారో తిథి తెలీదు, ఎక్కడ పోయారో తెలీదు, దహనం చెయ్యలేదు. పోయినవాళ్ళు పోయింది ఆకలితో. ఆ పండగని కూడా ఆ నాలుగేళ్ళు నిషేధించారు, బిక్షువుల కాషాయం విప్పించి పొలాల్లో పెట్టారు.

అక్కడివాళ్ళని దీని గురించి అడగొచ్చా? ఏమీ అనుకోరా?

కుర్రాళ్ళని అడగొచ్చు, జనాభాలో ఎక్కువమంది 1979 తర్వాత పుట్టినవాళ్ళే, స్కూల్లో కూడా 2009 నుంచి పాఠం చెప్తున్నారు, అంతకుముందు 'మా అమ్మ అతిశయంగా చెప్తోంది' అనుకునే పిల్లలుండేవాళ్ళట. ముసలివాళ్ళని మాత్రం మీరుగా కదిలించకండి. వాళ్ళే మొదలుపెడితే వినండి, ఫోన్ లోపల పెట్టేసి.

రెండోసారి వెళ్ళినప్పుడు ప్చుం బెన్ రోజులు. మా టుక్‌టుక్ డ్రైవర్ నలభై దాటిన మనిషి, వచ్చీరాని ఇంగ్లిష్‌లో చెప్పాడు. వాళ్ళమ్మ ఏటా పద్నాలుగు ముద్దలు చేస్తుందట, లెక్క తప్పదట. పోయినవాళ్ళలో అతనికి తెలిసిన పేర్లు తొమ్మిది. మిగతా ఐదూ ఎవరికమ్మా అని చిన్నప్పట్నుంచీ అడుగుతూనే ఉన్నాడు. మరి ఏమంటుంది అన్నాను. 'టైమైపోతోంది, బండి తియ్యి అంటది' అన్నాడు.